కొస ముడి

కొట్టు గది, కిటికీ పక్క బల్ల
జూన్ మూడు

వదినా,

నువ్వు వెళ్ళి ఈ రోజుకి పదకొండు వారాలు. "ఫోన్ చెయ్యకు, నీ గొంతు వింటే నేనక్కడ ఉండలేను, కావాలంటే ఉత్తరం రాయి" అని బస్సు కిటికీలోంచి చెప్పావు. నాకు రాయడం చేతకాదని తెలిసే చెప్పావు. బళ్ళో సెలవు చీటీలు కూడా నువ్వే రాసిపెట్టేదానివి. ఈ కాయితం ముందు నాలుగు రోజుల నుంచి కూర్చుని లేస్తున్నాను.

కొట్టు నడుస్తోంది. ఉన్ని ఉండలన్నీ నువ్వు సర్దినట్టే, లేత రంగులు పైన, ముదురువి కింద. మూల నీ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఏదో వంక చెప్పి లేపేస్తున్నాను. నిన్న ఆ కళ్ళజోడావిడ వచ్చి, "ఇంకొకావిడ లేరా, కుట్లు లెక్క తప్పకుండా చెబుతారు" అంది. ఊరెళ్ళిందన్నాను. అబద్ధం కాదు కదా.

అన్నయ్య బాగానే ఉన్నాడు. నువ్వు అడగవు, నేను చెప్పక మానను.

నీ సూదులు ఇక్కడే సొరుగులో ఉండిపోయాయి. పంపనా? అక్కడ ఏం అల్లుతున్నావు? నాకు మాత్రం ఏది మొదలుపెట్టినా సగంలో ఆగిపోతోంది. పక్కనుంచి "ఎన్నో వరస?" అని అడిగేవాళ్ళు లేకపోతే నాకు వరస గుర్తుండదని ఇప్పుడే తెలిసింది.

నీ మరదలు


శిక్షణ కేంద్రం వెనక వీధి, మేడ మీద గది
జూన్ ఇరవై

వదులుపిల్లా,

ఈ పేరు పెట్టి ఇరవై నాలుగేళ్ళయినా నీకింకా సరిపోతోంది. నీ ఉత్తరం కూడా నీ అల్లికలాగే ఉంది, ప్రతి రెండు మాటల మధ్యా పిల్లి దూరేంత సందు. అయినా ఆరుసార్లు చదివాను.

ఒక్క మాట. నన్ను వదినా అని పిలవకు. నేను మీ అన్నయ్య భార్యని కాబట్టి నీకు వదినని. కాయితాల మీద సంతకాలయ్యాక ఆ "కాబట్టి" పోయింది. మీ అన్నయ్యా నేనూ తిట్టుకుని విడిపోలేదు, నీకు తెలుసు. ఒకే ఇంట్లో ఇద్దరికీ మాటలు అయిపోయాయి. దానికి ఎవరినీ తప్పుపట్టను. కానీ నాది కాని పిలుపుని పట్టుకుని వేలాడితే నాకే సిగ్గుగా ఉంటుంది. ఇంకేదైనా పిలువు.

సూదులు పంపకు. నేను అల్లడం మానేశాను. అలా నోరు తెరవకు, చెబుతాను. ఇక్కడికొచ్చిన మొదటి వారం అల్లబోయాను. నా సూదుల చప్పుడు ఒక్కటే వినిపించింది. మనిద్దరం అల్లుతున్నప్పుడు నీ సూదులు నా సూదులకి జవాబు చెబుతున్నట్టు ఉండేది కదా. ఒక్క జత చప్పుడు కుంటుతున్నట్టుంది. పది వరసలు కూడా చెయ్యలేక పక్కన పెట్టేశాను. కేంద్రంలో అమ్మాయిలకి కుట్టుపని, అల్లిక నేర్పుతాను, అది ఉద్యోగం. నా కోసం అల్లుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

నా తరగతి గోడ అవతల వడ్రంగి విభాగం. అక్కడ లేత్ ఉంది. కర్రముక్కని బిగిస్తే గిర్రున తిరుగుతుంది, ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోతుంది. దాని రొదకి మా అమ్మాయిలకి లెక్క తప్పేది. పైగా తెల్ల ఉన్ని మీదంతా పొట్టు. ఒక రోజు కొంగు బిగించి దెబ్బలాటకి వెళ్ళాను. అక్కడి మాస్టారికి కొంచెం చెవుడు. నేను అరుస్తుంటే తిరిగే కర్ర మీదే కళ్ళు పెట్టి, "ఏమ్మా, పట్టుకుంటావా?" అని ఉలి నా చేతికిచ్చాడు.

పట్టుకున్నాను. ఇప్పుడు రోజూ తరగతి అయ్యాక ఒక గంట అక్కడే. ఆ రొదలో పక్కన ఎవరూ లేరని తెలియదు.

ఉంటాను


కొట్టు గది
జూలై తొమ్మిది

మహారాజశ్రీ మాజీ వదినగారి సముఖానికి, చిల్లుల అల్లికల మరదలు చేసుకునే విన్నపం ఏమనగా,

ఇలా బాగుందా? వద్దన్నావు కాబట్టి వెతుక్కుంటున్నాను. పేరు పెట్టి పిలవలేను, నాలుక తిరగదు. పిన్నీ, అత్తా అంటే నవ్వుతావు. "మేడమ్" అని రాసి కొట్టేశాను, ఏదో బ్యాంకుకి రాస్తున్నట్టుంది.

నాకు కోపంగా ఉంది. నన్ను తలుచుకుని అల్లడం మానేశావంటే ముందు సంతోషమేసింది. తరవాత ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "తప్పితే ఏమవుతుందే, విప్పుకుని మళ్ళీ అల్లుకుందాం" అని నేర్పింది నువ్వే. ఇప్పుడు ఎవరో చెవిటి మాస్టారు చేతిలో ఉలి పెట్టగానే ఉన్నిని వదిలేశావు. కర్రకి ప్రాణముంటుందా? వెచ్చగా ఉంటుందా? కప్పుకుంటావా దాన్ని?

సరే, ఏం చేశావో చెప్పు.

ఇక్కడ అన్నయ్య ఇంటికి రంగులు వేయిస్తున్నాడు. మెట్ల పక్క గోడ మీద నువ్వు పెన్సిలుతో గీసిన నా ఎత్తు గీతలు ఉన్నాయే, అవి పోతాయని ఆ గోడ వదిలెయ్యమన్నాను. వదిలేశారు.

నేను నీ కోసం ఒకటి అల్లుతున్నాను. ఏమిటో చెప్పను.

ఏమీ కాని
నేను


మేడ మీద గది
ఆగస్టు పన్నెండు

వదులుపిల్లా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, నవ్వితే ఊరుకోను. మొదటి గిన్నె మూడు వారాలు చేశాను. లోపల చెక్కుతూ ఇంకొంచెం, ఇంకొంచెం పలచగా అనుకుంటుంటే అడుగు కాస్తా ఊడి వెళ్ళి మాస్టారి కాళ్ళ దగ్గర పడింది. గిన్నె మొదలుపెడితే గాజు తేలింది. అది కూడా నీ చేతికీ నా చేతికీ కాదు, ఏ ఏనుగైనా ముచ్చటపడితే వేసుకోవచ్చు.

మాస్టారు ఏమన్నాడో తెలుసా? "ఉన్నివాళ్ళతో ఇదే వచ్చిందమ్మా. మీకు లేనిది కలపడం అలవాటు. ఇక్కడ ఉన్నది తియ్యడమే. తీసింది మళ్ళీ రాదు." ఆ మాటకి ఉలి పక్కన పెట్టేశాను. తప్పితే విప్పుకుని మళ్ళీ అల్లుకుందాం అని నీకు చెప్పిన దాన్ని నేనే. అది నిజమని నమ్మే బతికాను. ఇరవై నాలుగేళ్ళ కాపురం కూడా ఎక్కడో ఒక వరస తప్పింది, విప్పుకుని సరిచేసుకోవచ్చని చూస్తూ కూర్చున్నాను. విప్పుతూ పోతే చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. పచ్చి కర్రని చెక్కుతుంటే పొర తెగకుండా పొడుగ్గా, తడిగా, దారంలా వస్తుంది. నా వేలు తనంతట తనే వెళ్ళి దాన్ని చుట్టుకోబోయింది, ఉండ చుట్టేటట్టు. మాస్టారు చెవులు చిల్లులు పడేలా అరిచాడు. లేత్ దగ్గర దారం, జుట్టు, గాజులు, పొడుగు చేతులు ఏవీ ఉండకూడదట. పట్టుకుంటే మనిషిని లాగేస్తుందట. అప్పటి నుంచి మోచేతుల దాకా మడుచుకుంటున్నాను.

కర్రకి ప్రాణం లేదన్నావు. పచ్చి గిన్నెని గుండ్రంగా చేసి అలమార్లో పెడితే, నెల తిరిగేసరికి దానంతట అదే కోలగా ఒంగుతుంది. లోపలి నీళ్ళు ఆరేదాకా అది ఏ ఆకారానికి వస్తుందో చేసినవాడికీ తెలియదు. నాకు దాన్ని చూస్తే నన్ను చూసుకున్నట్టుంటుంది.

గోడ వదిలించినందుకు నిన్ను ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఎన్ని రంగులు వేయిస్తున్నాడు? ఇల్లంతానా?

ఉంటాను


కొట్టు గది
నవంబరు పదిహేడు

నీకు,

పార్సిల్‌లో ఉన్నది స్వెటర్. ముదురాకుపచ్చ, నీకు నచ్చే రంగు. ఆ వడ్రంగి షెడ్డు రేకులదని, చలికి వేళ్ళు బిగుసుకుపోతున్నాయని పోయిన ఉత్తరంలో రాశావు. అందుకని చేతులు వేళ్ళ మొదళ్ళ దాకా వచ్చేలా అల్లాను. మణికట్టు పట్టీలు విడిగా అల్లి తరవాత కలిపాను. కుట్లు వదులుగానే ఉన్నాయి, తిట్టుకో. తిట్టుకుంటూ అయినా వేసుకో. వేసుకునే కర్ర పని చెయ్యి, నా మీద ఒట్టు.

ఇంటి రంగుల సంగతి మూడుసార్లు అడిగావు. ఇల్లంతా వేయించాడు. అంతే.

నేను


మేడ మీద గది
డిసెంబరు ఎనిమిది

స్వెటర్ అందింది. బాగుంది. సరిపోయింది. చెయ్యి తీరడం లేదు. మళ్ళీ రాస్తాను.


కొట్టు గది
జనవరి నాలుగు

నీకు,

చెయ్యి తీరడం లేదా? అయిదు ముక్కలు రాశావు, అవీ చిన్నపిల్లలు పలక మీద రాసినట్టు. అక్షరాలు ఎడమకి ఒరిగిపోతున్నాయి. నా పేరు లేదు, వదులుపిల్లా అని కూడా లేదు. తరవాత నెల రోజులు ఏమీ లేదు. రాయడానికి మనసు లేక అలా గీకి పడేశావని అర్థమైంది.

ఎందుకో కూడా అర్థమైంది. నీకు తెలిసిపోయింది. నేను చెప్పాల్సింది, ఇంకెవరో చెప్పారు.

అన్నయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నవంబరులో. ఇద్దరూ వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు, నేను సాక్షి సంతకం పెట్టాను. రంగులు అందుకే. నీకు స్వెటర్ పార్సిల్ చేసిన రోజు మధ్యాహ్నమే వెళ్ళాను ఆ సంతకానికి. పార్సిల్ మీద నీ చిరునామా రాసిన పెన్నుతోనే పెట్టాను. రాయాలని ఎన్నిసార్లో అనుకున్నాను. రాస్తే నువ్వు ఇంక ఉత్తరాలు మానేస్తావని భయమేసింది. నాకు ఈ ఉత్తరాలు తప్ప నీ నుంచి ఇంకేం మిగిలింది?

ఆవిడ గ్రంథాలయంలో పనిచేస్తుంది. నెమ్మదస్తురాలు. నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. నేనే చేశాను. మొన్న ఆదివారం కొట్లోకి వచ్చి, చొక్కా గుండీకి దారం కావాలని అడిగి, మూల కుర్చీలో కూర్చుంది. "లేవండి" అన్నాను. అంత గట్టిగా అంటాననుకోలేదు. ఆవిడ చటుక్కున లేచి, దారం కూడా తీసుకోకుండా లోపలి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడని నేను ఏమీ పిలవను. "ఇదిగోండి", "ఏవండీ" అంటూ గోడకి చెప్పినట్టు మాట్లాడుతున్నాను. పిలవాల్సిన మాట ఒకటే ఉంది, అది నీది. నువ్వు వద్దన్నావు, ఆవిడకి ఇవ్వడానికి నాకు నోరు రాదు. ఆ మాట ఎటూ కాకుండా నా గొంతులోనే ఉండిపోయింది.

నువ్వు రాయకపోతే నేను కొట్టు మూసేసి అక్కడికొచ్చి నీ మెట్ల మీద కూర్చుంటాను. నువ్వు నాకు ఏమవుతావో అడిగినవాళ్ళకి చెప్పలేను గానీ, నువ్వు లేకుండా నాకు జరగడం లేదు.

నేను


మేడ మీద గది
జనవరి ఇరవై ఆరు

నా వదులుపిల్లా,

పిచ్చిదానా. నాకేమీ తెలియదు. నీ ఉత్తరం చదివేదాకా మీ అన్నయ్య పెళ్ళి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నా అక్షరాలు ఒరిగింది ఎడమ చేత్తో రాసినందుకు. నువ్వు ఒకటి దాచావు, నేను ఒకటి దాచాను. నాది ముందు చెబుతాను.

డిసెంబరు మొదటి ఆదివారం. షెడ్డులో నేనూ మాస్టారూ ఉన్నాం. నీ కోసమే ఒక గిన్నె మొదలుపెట్టాను, అల్లుతున్నప్పుడు ఉన్ని ఉండ దొర్లిపోకుండా అందులో పెట్టుకోవడానికి. నీ ఉండ ఎప్పుడూ బల్ల కిందకే పోయేది కదా. చలిగా ఉంది, నీ స్వెటర్ వేసుకున్నాను. చేతులు మడవాలని తెలుసు. ప్రతి రోజూ ప్రతి బట్టా మడుస్తాను. దీన్ని మడవబోయి ఆగాను. నువ్వు నా వేళ్ళ దాకా అల్లావు. మడిస్తే నీ చెయ్యి విదిలించుకున్నట్టు అనిపించింది. ఇన్నేళ్ళ దాన్ని, ఇంత తెలివితక్కువ పని చేశాను.

కర్రని పట్టి ఉంచే ఇనప దవడలకి పట్టీ అంచు తగులుకుంది. చెయ్యి మొత్తం దాని వైపు వెళ్ళిపోయింది. అరవడానికి కూడా టైము లేదు. ఇంతలో టపటపమని ఒక చప్పుడు, మణికట్టు చుట్టూ గుండ్రంగా తిరిగింది. పట్టీ మొత్తం స్వెటర్ నుంచి ఊడి, లేత్ మీద ఆకుపచ్చగా గిర్రున తిరుగుతోంది. నా చెయ్యి నా దగ్గరే ఉంది. మాస్టారు స్విచ్ ఆపి, నన్ను తిట్టి, తరవాత తనే ఏడ్చాడు. రెండు వేళ్ళ ఎముకలు చిట్లాయి. ఆరు వారాలు పిండికట్టు, పోయిన వారమే విప్పారు. ఈ ఉత్తరం కుడి చేత్తోనే రాస్తున్నాను, చూడు.

కట్టుతో ఇంటికొచ్చాక ఆ పట్టీని వెలుతురులో పెట్టి చూశాను. గొలుసుకుట్టుతో కలిపావు. కలిపి, చివర కొస ముడి వెయ్యలేదు. గొలుసుకుట్టు కొస ముడి లేకపోతే ఒక్క దారం లాగితే చాలు, మొత్తం ఊడిపోతుందని ఎన్ని వందలసార్లు తిట్టి ఉంటాను నిన్ను? ఒక్కసారన్నా విన్నావా? వినకపోవడం వల్ల నాకు కుడి చెయ్యి ఉంది. నువ్వు వదులుగా అల్లావు కాబట్టి అది నన్ను వదిలింది. నేను అల్లిందైతే ప్రాణం పోయినా వదిలేది కాదు.

"ఇది అల్లినావిడ నీకేమవుతుందమ్మా?" అని మాస్టారు అడిగాడు. చుట్టరికాలన్నీ ఒక్కొక్కటే మనసులో అని చూసుకున్నాను. చివరికి "మా వదులుపిల్ల" అన్నాను. "అదేం చుట్టరికం?" అన్నాడు.

ఇప్పుడు నీ సంగతి. చదివి ఏడ్చాను. లేదని ఎందుకు అబద్ధమాడటం? కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చాను. మీ అన్నయ్య కావాలని కాదు. ఆ మెట్లు, ఆ కుర్చీ, ఆ వంటింటి గుమ్మం ఇప్పుడు ఇంకొకరివని. నువ్వు కూడా ఇంకొకరికి మరదలివని.

ఏడవడమయ్యాక ఆ గుమ్మమే గుర్తొచ్చింది. నేను ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నన్నెవరూ ఏమీ పిలిచేవారు కాదు. మీ అమ్మ "ఇదిగో" అనేది. మీ అన్నయ్య గొంతు సవరించుకునేవాడు, అదే పిలుపు. నాలుగు నెలలు ఆ ఇంట్లో నేను చుట్టపుచూపుకి వచ్చిన మనిషిలా తిరిగాను. ఒక రోజు వంటింటి గుమ్మంలో ఒక పిల్ల, ఇంత ఉన్ని చిక్కు చేత్తో పట్టుకుని, "వదినా, ఇది నాకు రావడం లేదు" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవర్నో పిలుస్తోందని. నన్నే. ఆ రోజు నుంచి అది నా ఇల్లయింది.

ఆ మాట నీ గొంతులో పెట్టుకుని కూర్చోకు. ఆవిడని పిలువు. ఆ ఇంట్లో ఆవిడ ఎంత ఒంటరిగా తిరుగుతోందో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. కుర్చీలో కూర్చోనివ్వు. నాకు బాధగానే ఉంటుంది. ఉండనీ.

ఇంకో పార్సిల్‌లో గిన్నె పంపుతున్నాను. ఆరు వారాలు సగం చెక్కినట్టే ఎండిపోయి అంచు దగ్గర పగిలింది. పారెయ్యమన్నాడు మాస్టారు. నేను పగులుకి రెండు వైపులా సన్నగా బెజ్జాలు వేసి, ఆ పట్టీ విప్పిన ఆకుపచ్చ దారంతో కుట్టేశాను. కర్రని కుట్టడం ఇన్నేళ్ళలో చూడలేదన్నాడు. కొస ముడి వెయ్యలేదు. కావాలనే.

ఉంటాను


కొట్టు గది
ఫిబ్రవరి పద్నాలుగు

గిన్నె వచ్చింది. కొంచెం కోలగా ఉంది, బల్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోంది. ఉండ అందులో వేశాను. అల్లుతుంటే లోపల దొర్లుతూ చిన్నగా చప్పుడు చేస్తోంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టుంది.

నీ చేతి గురించి చదివి రెండు రోజులు సూదులు ముట్టలేదు. ఒట్టు పెట్టింది నేను, పొడుగు చేతులు కూడదని నువ్వు రాసింది మరిచిపోయి వేళ్ళ దాకా అల్లింది నేను. ఇంక ముందు నీకు చేతుల్లేని స్వెటర్లే.

నిన్న ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. "వదినా, ఆ మూల కుర్చీలో కూర్చోండి, వెలుతురు బాగుంటుంది" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎవర్ని పిలిచానో అని. నాకు మరి ఏడుపు ఆగలేదు, అల్లిక మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కూర్చుంది. గుండీ కుట్టుకుంది. కొస ముడి ఎంత బిగించి వేసిందో, నువ్వు చూసి ఉంటే మెచ్చుకునేదానివి.

ఆ మాట ఇచ్చేశాను. నీకివ్వడానికి నా దగ్గర ఇంక ఏ మాటా లేదు. ఈ కాయితం పైన చూడు, నాలుగు పిలుపులు రాసి నాలుగూ కొట్టేశాను. వెలుతురుకి పెట్టి చదవడానికి చూడకు.

గిన్నెకి ముడి నేను కూడా వెయ్యను. అలాగే ఉండనీ. శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను, రెండు జతల సూదులు తెస్తున్నాను. దిగగానే నిన్ను చూసి నోటికి ఏదొస్తే అది పిలుస్తాను. ఏం పిలిచినా సరే, నువ్వు పలుకు.